దీనమ్మప్ప సైకిలుకి శుక్లాలు

సైకిలు మేస్త్రీకి రిటైర్‌మెంటు ఉండదంటారు. ఎందుకుండదు? చెయ్యి భుజం దాటి పైకి లేవని రోజే రిటైర్‌మెంటు. నాకది యాభై దాటిన కొన్నాళ్లకే వచ్చింది. డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూసి, "ఏం పని చేస్తావయ్యా నువ్వు?" అని అడిగారు. "పాడైన రైలింజన్లు భుజాన వేసుకుని రాయగడలో దింపి వస్తాను బాబూ" అన్నాను. ఆయన సగం రాసుకుని, పెన్ను ఆపి, నా మొహం చూశారు.

అప్పట్నుంచి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నాను అంటే మా ఆవిడ ఒప్పుకోదు. అరుగు మీద కూర్చుంటాను, లేస్తాను, గుమ్మం దాకా వెళ్తాను, వస్తాను. చేతులు ఊరుకోవు. కుట్టుమిషను నట్లు బిగించాను. కుక్కరు పిడి బిగించాను. మంచం కోళ్లు బిగించాను. పక్కింటివాళ్ల గేటు వాళ్లు ఊరెళ్లినప్పుడు బిగించాను. మా వీధి తలుపు గెడ ఎంత బాగా బిగించానంటే అది ఇప్పుడు రాదు, పెరటి దారిన తిరుగుతున్నాం. "ఆ సేతులకి మేకు కొట్టీలేను గానీ, కలం ఒకటి పెట్టుకుని కూకో" అంది మా ఆవిడ. అందుకని రాస్తున్నాను.

ఎవరికోసం అంటే, ఈమధ్య ఫోన్ చేస్తే ఇంటికొచ్చి సైకిలు బాగుచేసే కుర్రాళ్లు తయారయ్యారు. వీపున సంచి, సంచిలో మెరిసే పానాలు. మంచిదే. వాళ్లకి గేర్లు తెలుసు, నాకంటే బాగా తెలుసు. ఇళ్లు తెలీవు. నాకు ఇళ్లు తెలుసు.

మా మేస్త్రి

గరివిడిలో ఫ్యాక్టరీకి వెళ్లే రోడ్డు మీద కొట్టు. యజమాని సింహాద్రి మేస్త్రి. పని మంచిది, బుద్ధి చెడ్డది. మాకు టీ చెప్పేవాడు కాదు, మేం తెచ్చుకుంటే తాగేవాడు. సలహా ఇచ్చిన ఖాతాదారు మీదకి పానా విసిరేవాడు. గురి కుదిరేది కాదు కాబట్టి కొట్టు అన్నాళ్లు నడిచింది. ఆయన దగ్గర నేర్చుకున్నదాంట్లో సగం పని, సగం మనిషి ఎలా ఉండకూడదో.

నాకు కోతలు కొయ్యడం పుట్టుకతో వచ్చింది. రామతీర్థం కొండ మీంచి ఒకాయన సైకిలు దిగొస్తుంటే దారిలో గొలుసు పడిపోయిందనీ, పల్లం కాబట్టి ఆయనకి తెలీలేదనీ, ఆ ఊపులో విజయనగరం దాకా వచ్చి అక్కడ చూసుకుని భయపడి కిందపడ్డాడనీ నేను చెప్తుంటే, పంక్చరు వేయించుకోడానికొచ్చినవాళ్లు పంక్చరు అయిపోయాక కూడా కూర్చునేవాళ్లు. మేస్త్రి వినీ విననట్టు వినేవాడు. ఒకరోజు మాత్రం నన్ను పక్కకి పిలిచాడు.

"సత్తిబాబూ, గొలుసు మీద ఎన్ని కోతలైనా కొయ్యి. బ్రేకు మీద మాత్రం కొయ్యకు. గొలుసు తెగితే మనిషి నడిసొస్తాడు. బ్రేకు పోతే మోసుకొస్తారు."

ఆయన నాకు చెప్పిన ఒకే ఒక్క మంచి మాట అది. తర్వాత మళ్లీ నా టీ తాగేశాడు.

ఇళ్లలో ఉండే నూనెలు

అందరూ మోటారు సైకిళ్లు కొన్నాక కొట్టు పల్చబడింది. మేస్త్రి పోయాక నేను సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరగడం మొదలెట్టాను. కొట్టుకొచ్చే సైకిలు ముస్తాబై వస్తుంది. ఇంట్లో ఉన్న సైకిలు ఉన్నట్టు ఉంటుంది. దానిమీద ఆరేసిన తువ్వాలు, కారియర్ మీద ఉల్లిపాయల సంచి, సీటు మీద పిల్లి.

ఇంటి సైకిలుకి మొదటి జబ్బు నూనె. మనవాళ్లు పొయ్యని నూనె లేదు. దీపారాధనలో మిగిలిన నువ్వులనూనె పోస్తారు, అది ఎండి జిగురై ఫ్రీవీలు తిరగదు. ఆముదం పోస్తారు, దుమ్ము ముద్దకడుతుంది. ఒకాయన చేపలు వేయించిన నూనె వృథా ఎందుకని గొలుసుకి పోశాడు. ఆయన్ని కుక్కలు తరిమితే గజపతినగరం సంత దాకా తొక్కాడు, ఇంటికొచ్చేసరికి కుక్కలన్నీ ఆయన పెరట్లో కాపురం పెట్టాయి. కుక్కల సంగతి మీ ఇష్టం, చేపల నూనె మాత్రం నిజం. దసరా వెళ్లాక వారం రోజులు నాకు పండగే. ఆయుధపూజకి బొట్టు పెట్టమంటే చక్రం మధ్య హబ్బులో నూనె పోసే కన్నంలో పసుపూ కుంకుమా కూరతారు. విప్పితే బాల్సు ఎర్రగా, పేరంటానికి వెళ్లొచ్చినట్టు ఉంటాయి.

నవ్వకండి. నవ్వితే ఆ ఇంటికి మళ్లీ పిలవరు. మిషను నూనె రెండు చుక్కలు చాలు, మిగతాది గుడ్డతో తుడిచెయ్యాలి అని చెప్పి, తుడిచి చూపించి, లేచి రండి.

రెండో జబ్బు ప్రేమ. దీని గురించే ఇదంతా రాస్తున్నాను. నేను చేసిన పనుల్లో నన్ను ఇప్పటికీ కూర్చోనివ్వనిది ఒకటుంది.

ప్రభుదాసు అడిగిన అబద్ధం

మా గరివిడిలో చర్చి వీధిలో దీనమ్మప్ప ఉంటుంది. వరసకి నాకేమీ కాదు, నాకంటే పెద్దదీ నన్ను తిట్టగలిగేదీ కాబట్టి అప్ప. ఆమె పని బైబిలు చదివి వినిపించడం. చర్చివాళ్లు బైబిలు స్త్రీ అంటారు. తెల్లచీర, చేతిసంచి, లేడీస్ సైకిలు. చుట్టుపక్కల పల్లెలకి వెళ్తుంది. ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా వెళ్లి కూర్చుంటుంది, పాట పాడుతుంది, ప్రార్థన చేస్తుంది, ఆ ఇంటి కోడల్ని నాలుగు కేకలేసి వస్తుంది.

ఆమె కొడుకు ప్రభుదాసు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. నన్ను మావా అంటాడు. నేను పని మానేయడానికి ముందు చలికాలం, ఒకరోజు టీ కొట్టు దగ్గర పట్టుకున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"మావా, అమ్మ వంతెన పల్లంలో పడిపోనాది, విన్నావు కదా."

విన్నాను. పొద్దున్నే వెళ్తూ పల్లం దిగేచోట మేక అడ్డం వస్తే ఆపలేక పడింది. మోకాలు చీరుకుంది, చెయ్యి బెణికింది. దెబ్బలు మానాయి. కానీ వాడికి మానలేదు.

"ఆ రోడ్డుమీద రాయి లారీలు ఎలగొస్తాయో నీకు తెలుసు గదా. ఆ టైముకి ఎనకాల ఒకటుంటే?" అన్నాడు. "మానెయ్యమంటే వినదు. సైకిలుకి గొలుసేసి తాళం ఏసేను. మూడు పూటలు నాతో మాట్లాడ్నేదు. ఆదివారం ఆరాధనయ్యాక పాత ఇనుప సామానోడ్ని రమ్మన్నాను. నువ్వు ఓపాలి వచ్చి సూసి, దీనికింక పేణం నేదు, తొక్కితే మద్దికి ఇరిగిపోద్ది అని సెప్పీ. అప్పుడు ఒప్పుకుంటాది."

"నేనే ఎందుకురా?"

"నువ్వు అబద్దం సెప్తే నిజంలాగుంటాది మావా."

ఇంత గొప్ప సర్టిఫికెట్టు నాకు ఎవరూ ఇవ్వలేదు. అయినా టీ గ్లాసు బల్లమీద పెట్టేశాను. పులి గురించి చెప్పమను, పున్నమినాడు తనంతట తను ఇంటికొచ్చిన సైకిలు గురించి చెప్పమను, సిద్ధం. బాగున్న బండిని చచ్చిందని చెప్పడం వేరు. అలాగని వాడి భయం అబద్ధమా? కాదు. "ముందు చూస్తాను" అన్నాను. తాళంచెవి నా జేబులో పడేసి షిఫ్టుకి వెళ్లిపోయాడు.

వెండి సైకిలు

వెళ్లేసరికి దీనమ్మప్ప వాకిట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తీస్తోందంటే తెంపుతోంది. కాళ్లు నిలకడగా లేవు, పాదం నేలమీద తాళం వేస్తోంది.

"వచ్చీసేవా? పోస్ట్‌మార్టం సెయ్యడానికి?"

"చూద్దామని వచ్చానప్పా."

"ఆటోలో ఎల్లమంటాడు. ఆటో రోడ్డుమీదున్న ఊళ్లకి ఎల్తాది. నా ఊళ్లు రోడ్డుమీద నేవు. కాలవ అవతల ముసిల్ది, సూపు నేదు, నాను సదివితేనే దానికి వాక్యం. గట్టుమీద ఏ ఆటో ఎల్తాది? నువ్వు సెప్పు."

సైకిలు దగ్గరికెళ్లాను. గోడకి ఆనించి ఉంది. చూడగానే కళ్లు జిగేల్‌మన్నాయి. సైకిలంతా వెండి రంగు!

మా వైపు ఒక అలవాటుంది. మిగిలిన రంగు పారెయ్యరు. క్రిస్మస్‌కి చర్చి గేటుకీ కిటికీ ఊచలకీ వెండి రంగు వేయిస్తారు. మిగిలిన డబ్బా వీధిలో తిరుగుతుంది. మొదటి ఇంట్లో ట్రంకుపెట్టె, రెండో ఇంట్లో మంచం, మూడో ఇంట్లో తులసికోట చుట్టూ కమ్మీ. రంగుకి మతం లేదు, డబ్బా ఖాళీ కావాలి, అంతే. ఒకసారి అడుగున ఇంకా కాస్త ఉందని పడుకున్న గేదె కొమ్ములకి పూశారు. అది లేచి నీళ్లలో తన నీడ చూసుకుని, ఇంకెవరిదో అనుకుని, దారిచ్చి పక్కకి నిలబడింది.

ఆ డబ్బా ఈసారి ప్రభుదాసుకి దొరికింది. ఫ్రేముకి పూశాడు, సరే. మడ్‌గార్డులకి పూశాడు, సరే. చక్రాల పుల్లలకి పూశాడు. బెల్లుకి పూశాడు, అందుకే అది డబ్బా కొట్టినట్టు మోగుతోంది. రెండు రిమ్ములకీ, లోపలా బయటా, నున్నగా పూశాడు. ఆ చేత్తోనే బ్రేకు రబ్బర్లకీ పూశాడు.

అది కడ్డీ బ్రేకుల బండి. పిడి నొక్కితే కడ్డీ రబ్బర్లని లాగి రిమ్ము లోపలి అంచుకి ఆనిస్తుంది. గరుకు గరుకుని పట్టుకుంటేనే చక్రం ఆగుతుంది. ఇక్కడ రిమ్మూ అద్దమే, రబ్బరూ అద్దమే. దానికి తోడు పొద్దుటి మంచు. మేక లేకపోయినా ఆమె ఏదో ఒకరోజు పడేదే.

గొలుసు తాళం తీసి, వేలితో రిమ్ము రాసి చూస్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"సూసీసేవా?"

"చూశాను."

"మరి నోరు మూసుకో."

తిరిగి చూశాను. చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది.

"నీకు తెలుసా అప్పా?"

"పండగనాడే తెలుసు. మొదటి మలుపులోనే ఆగనేదు. అప్పట్నుంచి కాళ్లతోనే ఆపుకుంటన్నాను. సూడు." చెప్పులు తిప్పి చూపించింది. మడమల దగ్గర అప్పడాల్లా అరిగిపోయాయి. "వాడు పుట్టి బుద్దెరిగాక ఏ పనీ పూర్తిగా సేసినోడు కాడు. పెంకులు సగం నేస్తాడు, గుంట సగం తవ్వుతాడు. ఇదొక్కటి సేసేడు. నాకు తెలీకుండా, సెలవెట్టి మరీ. సందు ఒదల్నేదు. వీధంతటినీ పిలిసి సూపించేడు. నీ రంగు వల్ల పడ్డానురా అని ఎలగ సెప్పను? నా మోకాలు సూసినప్పుడే వాడు అన్నం తినడం మానీసేడు. నువ్వు ఏదో ఒకటి సెప్పు. కోతలు బాగా కోస్తావు కదా. బండి బతకాల, రంగు మాట రాకూడదు."

కొడుకొక అబద్ధం అడిగాడు, తల్లొక అబద్ధం అడిగింది. రెండూ బ్రేకు మీదే. నాకు నించోవాలనిపించలేదు, కూర్చోవాలనిపించలేదు. వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. "నువ్వు తిరిగితే నాకు తల తిరగతంది" అంది అప్ప, తనూ లేచి తిరుగుతూ.

శుక్లాలు

ఎటూ తేలకముందే షిఫ్టు దిగి ప్రభుదాసు వచ్చేశాడు. తన బండికి స్టాండు వేయకుండానే, "ఏటి మావా, సూసేవా? పేణం నేదు కదా?" అన్నాడు, కన్ను గీటుతూ.

అప్ప నావైపు చూస్తోంది. వాడు నావైపు చూస్తున్నాడు. నోరు తెరిచాను. ఏం వస్తుందో నాకే తెలీదు.

"ఒరే ప్రభుదాసూ, పెద్దవాళ్ల కళ్లకి శుక్లాలు వస్తాయి కదా."

"వస్తాయి."

"కంటిమీద పొర కమ్ముతుంది. చూపు ఆనదు. కన్ను పోయినట్టు కాదు, పొర తీస్తే చాలు. ఇది కూడా పెద్దదైంది. రిమ్ములకి శుక్లాలు వచ్చాయి. అందుకే బ్రేకు ఆనడం లేదు. మిగతా బండి రాయిలా ఉంది."

అప్ప వెంటనే అందుకుంది. "అవునురా, నాకూ అలగే అనిపించింది. వయసు మరి."

వాడు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇనప రిమ్ముకి శుక్లాలేటి మావా? నన్ను గేదెనుకున్నావేటి? నాను నీకు ఏటి సెప్పేను, నువ్వు ఏటి సెప్తన్నావు?"

"నమ్మకపోతే నువ్వే తీసి చూడు" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. కానీ వాడు అప్పటికే నా సంచిలోంచి ఉప్పుకాగితం లాగేశాడు.

ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, అబద్ధం బయటపెట్టేవాడి ఊపుతో రుద్దడం మొదలెట్టాడు. గరగరమని చప్పుడు. నాలుగైదు రుద్దులకి పొర లేచింది. వెండి పొడి అరచేతిలో పడింది. ఇంకో నాలుగు రుద్దులకి రిమ్ము తన అసలు రంగులో కనిపించింది. వాడు చెయ్యి తిప్పి చూసుకున్నాడు. బ్రేకు రబ్బరు వంక చూశాడు. గోటితో గీరాడు. గోట్లో వెండి.

నేను పానా తుడుచుకుంటున్నాను. తుడిచిందే తుడుస్తున్నాను. దీనమ్మప్ప ఇంటికప్పు పెంకులు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తోంది.

ఎక్కడో ఒక కోత దొరుకుతుందని వెతికాను. దొరకలేదు. కుర్రాళ్లకి చెప్పేది ఇదే: ఇంట్లో సైకిలు విప్పినప్పుడు బయటపడేది ఒక్కోసారి మన నట్టూ బోల్టూ కాదు. అప్పుడు మన చేతులు మన పనిమీద ఉంచుకోవాలి, నోరు ఎక్కడన్నా దాచుకోవాలి. నాకది ఎంత కష్టమో నాకే తెలుసు.

ప్రభుదాసు ఉప్పుకాగితం మడత మార్చాడు. తల వంచుకుని మళ్లీ రుద్దాడు. ముందు చక్రం అయింది. వెనక చక్రం నేను విప్పి ఇస్తే, తిరగేసి పట్టుకుని అదీ రుద్దాడు. లోపలి అంచు, బయటి అంచు, పుల్లల మధ్య వేళ్లు దూర్చి మరీ. నేను రబ్బర్లు కొత్తవి వేశాను, కడ్డీలు సరిచేశాను, రిమ్ములు పెట్రోలు గుడ్డతో తుడిచాను. రబ్బరుకీ రిమ్ముకీ మధ్య చిటికెన వేలు దూరనంత సందు ఉంచాను. అప్ప వాడికి మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగి గ్లాసు పక్కన పెట్టాడు. గ్లాసు మీద వేళ్ల గుర్తులు వెండిగా పడ్డాయి.

పనయ్యాక ఫోన్ తీసి పాత ఇనుప సామాను వాడికి చేశాడు. "ఆదివారం రావద్దు" అన్నాడు. ఎందుకని అడిగినట్టున్నాడు అవతలివాడు. "శుక్లాలంట. తీసీసేం" అని పెట్టేశాడు.

పల్లం

"ఓపాలి తొక్కి సూడు" అన్నాడు వాడు తల్లితో. రుద్దడం మొదలెట్టాక వాడు తల్లితో అన్న మొదటి మాట అది.

వాకిట్లో తొక్కుతుందనుకున్నాను. దీనమ్మప్ప చేతిసంచి హేండిల్‌కి తగిలించుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, తిన్నగా వంతెన వైపు నడిపించుకుంటూ బయల్దేరింది. వెనక నేను, ముందు ప్రభుదాసు. వాడు మాకంటే వేగంగా నడిచి పల్లం దిగిపోయాడు. ఆమె పడినచోట, రోడ్డు అంచున, కాలవ గట్టు దారి మొదలయ్యే దగ్గర నిలబడ్డాడు. రెండు కాళ్లూ ఎడం చేసి.

"ఒరే, పక్కకి రారా" అన్నాను.

"ఉండనీ మావా."

పైనుంచి అప్ప అరిచింది. "తప్పుకోరా ఎదవా! మీదెక్కించీగల్ను!"

"నువ్వు ఆపు. నానిక్కడే ఉంటాను."

రబ్బర్లు కొత్తవి. కొత్త రబ్బరు మొదట్లో కాస్త జారుతుంది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచేలోపు ఆమె సీటెక్కేసింది. పల్లం లాగేసింది. సైకిలు ఊపందుకుంది. తెల్లచీర కొంగు వెనక్కి ఎగిరింది. పాదాలు రెండూ పెడళ్ల మీదే ఉన్నాయి, ఒక్కటీ నేలకి దించలేదు. ప్రభుదాసు కళ్లు మూసుకున్నాడు. కదల్లేదు.

కీచుమని ఒక్క చప్పుడు.

ముందు టైరు వాడి పంట్లాముని తాకీ తాకనట్టు ఆగింది. వాడు కళ్లు తెరిచి, రెండు చేతులతో హేండిల్ పట్టుకున్నాడు.

"అమ్మా, నానే…"

"సేతులు తియ్యి, మళ్లీ రంగంటిస్తన్నావు" అంది ఆమె. ఒక చెయ్యి వాడి జుట్టులోకి పోనిచ్చి, చెంపమీద చిన్న దెబ్బ వేసింది. "ఇంటికెళ్లి అన్నం తిను. చిక్కుడుకాయ కూర వండుకో. కాలవ అవతల ముసిల్ది ఎదురుసూస్తాది, తప్పుకో."

వాడు తప్పుకున్నాడు. ఆమె గట్టుమీదకి తిప్పింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, వెనక చక్రం నట్టు చేత్తో తిప్పి వదిలేశాను, పానా వెయ్యలేదు.

"ఓలప్పా! ఆగు! ఒక్క నట్టు!" అని సంచి పట్టుకుని గట్టుమీద పరిగెత్తాను. ప్రభుదాసు నా వెనక పరిగెత్తాడు.

బ్రేకులు అంత బాగా కుదిరాయి గానీ, దీనమ్మప్ప ఆగితే కదా.